టులెట్ బోర్డు మీద ఒక దేశం పేరు

మా తెలుగు సంఘం అధ్యక్షులవారికి, కార్యదర్శిగారికి, కార్యవర్గ సభ్యులకు, వారి మాట మీద గురితో బ్రిటన్‌లో ఇళ్లు అద్దెకిచ్చే తెలుగువారందరికీ,



కిందటి నెల మీరు సభ్యులకు పంపిన సూచనల కాగితంలో ఆరో అంశం ఉగాది పచ్చడికి వేపపువ్వు ఎవరు తెప్పించాలన్నది. ఎనిమిదోది హాలు దగ్గర కార్లు ఎక్కడ పెట్టుకోవాలన్నది. ఆ రెండింటి నడుమ ఏడోది ఇలా ఉంది: "ఇళ్లు, గదులు అద్దెకిచ్చే సభ్యులు అల్బేనియా వారికి ఇవ్వకపోవడం శ్రేయస్కరం." ఒక దేశపు జనాన్ని మొత్తంగా మన గడప తొక్కనివ్వొద్దని చెప్పడానికి మీకు ఒక్క వాక్యం సరిపోయింది. పార్కింగుకు నాలుగు పట్టాయి.

‘శ్రేయస్కరం’ అన్న మాట మీలో ఎవరికి తట్టిందో గానీ, మా తెనాలిలో పంచాంగం చూసే పంతులుగారు ప్రయాణాలు వాయిదా వేయించేటప్పుడు ఆ మాట వాడేవారు. శ్రేయస్సు ఎవరికండీ?

పద్నాలుగేళ్లుగా ఈ సంఘంలో సభ్యుణ్ణి. మూడేళ్లు కోశాధికారిగా చేశాను. మీలో సగం మంది ఇళ్లలో భోంచేశాను. అలాంటివాడివి ఇంటికొచ్చి చెప్పొచ్చు కదా, ఊరంతా చదివేలా ఉత్తరమెందుకు అని అడుగుతారు. ఫోన్ చేశాను. "మనకెందుకండీ వాళ్ల గొడవ, పేపర్లలో చూస్తూనే ఉన్నారుగా" అన్నారు అధ్యక్షులవారు. గొడవ మనకెందుకు అనుకున్నవారు ఆ గొడవను సంఘం కాగితం మీదికి ఎందుకు ఎక్కించారు?

సరే, పేపర్ల సంగతే చూద్దాం. 2022లో చిన్న పడవల మీద ఇంగ్లిష్ ఛానల్ దాటి వచ్చినవారు 45 వేల పైచిలుకు. అందులో 12 వేల పైచిలుకు అల్బేనియన్లు. అంతకుముందు ఏడాది వాళ్లు వెయ్యి మంది కూడా లేరు కాబట్టి గగ్గోలు పుట్టింది. ఆ అక్టోబరు 31న అప్పటి హోం మంత్రి సువెల్లా బ్రేవర్మన్ పార్లమెంటులో నిలబడి, దక్షిణ తీరం మీద జరుగుతున్నది దండయాత్ర అనే అర్థం వచ్చే మాట వాడారు. విధానాలు విఫలమైతే మా ప్రజల్ని బలిపశువుల్ని చేస్తారా అని అల్బేనియా ప్రధాని ఎడి రామా గట్టిగానే జవాబిచ్చారు. నవంబరులో అల్బేనియన్లు వేలమంది జెండాలతో లండన్ వీధుల్లోకి వచ్చారు. డిసెంబరులో రెండు దేశాల మధ్య ఒప్పందం కుదిరింది. 2023లో పడవల మీద వచ్చిన అల్బేనియన్ల సంఖ్య మళ్లీ వెయ్యి లోపుకు పడిపోయింది. ఆ పడిపోయిన సంఖ్యను మీలో ఎవరైనా ఏ పేపర్లోనైనా చూశారా? చూసి ఉంటే ఇన్నాళ్ల తరవాత ఏడో అంశం రాయాల్సిన పని ఏం పడింది?

"ఇక్కడి మంత్రులే అన్నాక మనదేముంది" అని మీలో మరొకరు అన్నారట. ఏ మంత్రండీ? ఆ బ్రేవర్మన్ గారే అదే అక్టోబరులో, వీసా గడువు దాటినా ఈ దేశంలో ఉండిపోయేవాళ్లలో భారతీయులే ఎక్కువ అన్నారు. అప్పుడు మనవాళ్లు ఎంత నొచ్చుకున్నారో నాకు గుర్తుంది. దీపావళి సంబరాల్లో దీపాల కంటే ఆ మాట మీద మంటే ఎక్కువ కనిపించింది. ఆమె తల్లి మారిషస్ నుంచి, తండ్రి కెన్యా నుంచి వచ్చినవారు, ఇద్దరివీ భారతీయ మూలాలే, అయినా ఇలా అంటారా అని బుగ్గలు నొక్కుకున్నాం. ఒకే నోటి నుంచి ఒకే నెలలో వచ్చిన మాటల్లో మన గురించి అన్నది అన్యాయం, అల్బేనియన్ల గురించి అన్నది మనకు ఆధారం. ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం అంటే ఇదే కదా?

ప్రభుత్వం మారింది, పార్టీ మారింది, వేలు చూపించే దిక్కు మాత్రం మారలేదు. 2025 నవంబరులో హోం మంత్రి షబానా మహమూద్ ఆశ్రయం నిరాకరించినా ఇక్కడే ఉంటున్న కుటుంబాలకు ఉదాహరణ చెప్పాల్సి వచ్చి, దాదాపు 700 అల్బేనియన్ కుటుంబాలు అని ఆ ఒక్క దేశాన్నే పేరు పెట్టి చెప్పారు. రామా మళ్లీ అభ్యంతరం చెప్పాల్సి వచ్చింది. ఉదాహరణకు ఎప్పుడూ ఒకే ఇంటి పేరు వాడితే, ఊళ్లో ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధం వస్తుందా?

ఇప్పుడు మీరు అడగబోయేది నాకు తెలుసు. గంజాయి. అద్దెకిచ్చిన ఇంట్లో కిటికీలకు నల్ల కవర్లు అంటించి, మీటరును తప్పించి కరెంటు లాగి, గదుల నిండా గంజాయి మొక్కలు పెంచే ముఠాలు ఉన్నాయి. వాటిలో అల్బేనియన్ ముఠాలది పెద్ద చెయ్యి. ఇంగ్లండ్, వేల్స్ జైళ్లలో ఉన్న విదేశీయుల్లో ఏ దేశం వారు ఎక్కువ అంటే అల్బేనియన్లే. ఇవి నేను దాచను, దాస్తే నా ఉత్తరానికి విలువుండదు. అయితే ఆ ఇళ్లలో మొక్కలకు నీళ్లు పోస్తూ దొరికే కుర్రాళ్లలో చాలామంది పడవ ఎక్కించినవాడికి అప్పుపడి, ఆ అప్పు తీరేదాకా బయటికి రాలేనివాళ్లు. మనుషుల అక్రమ రవాణాకు, వెట్టిచాకిరికి గురై ఉండవచ్చని 2022లో బ్రిటన్ అధికారుల దృష్టికి వచ్చినవారిలో కూడా అల్బేనియన్లే అందరికంటే ఎక్కువ. ఈ రెండు లెక్కల్లో మీరు ఒకటే ఎందుకు చదివారు?

ఇంటి యజమాని భయం నాకు తెలియనిది కాదు. నాకూ పైన ఒక పోర్షన్ ఉంది, అద్దెకే ఇచ్చాను. ఇంగ్లండ్‌లో ఇల్లిచ్చే ముందు అద్దెకొచ్చే మనిషికి ఇక్కడ ఉండే హక్కు ఉందో లేదో యజమానే చూసుకోవాలి. చూసుకోకపోతే 2024 నుంచి మొదటి తప్పుకే ఒక్కో మనిషికి 10 వేల పౌండ్ల దాకా జరిమానా. ప్రభుత్వం తన సరిహద్దు కాపలా పనిని తెచ్చి మన వీధి గుమ్మంలో పెట్టింది, నిజమే. అందుకు చెయ్యాల్సింది ఏమిటి? వచ్చినవాడి కాగితాలు చూడండి. జీతం చీటీ అడగండి. పాత యజమానికి ఫోన్ చెయ్యండి. మూడు నెలలకోసారి చెప్పి వెళ్లి ఇల్లు చూసి రండి. నేను తెలుగు కుర్రాళ్లకు ఇచ్చినప్పుడు కూడా ఇదే చేస్తాను, మనవాళ్లని ఒక్క మినహాయింపూ ఇవ్వను. (మినహాయింపు ఇచ్చిన ఒకే ఒక్కసారి, మూడు నెలల అద్దె ఎగ్గొట్టి వెళ్లినవాడు మా పక్క ఊరివాడే.)

2019 జనవరి మీకు గుర్తుండకపోదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో అక్కడి అధికారులే ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఒక దొంగ విశ్వవిద్యాలయాన్ని వలగా పన్నారు. అందులో చేరారని 130 మంది విద్యార్థుల్ని పట్టుకుంటే 129 మంది భారతీయులు, వాళ్లలో చాలామంది మన తెలుగు పిల్లలు. అప్పుడు అమెరికాలో తెలుగు సంఘాలు లాయర్లను పెట్టాయి, పిల్లల్ని మోసపోయినవారిగా చూడండి, నేరస్థులుగా చూడకండి అని వేడుకున్నాయి. ఆ వారం మన సంఘంలో కూడా ఇదే చర్చ. కోశాధికారిగా ఆ రోజు బల్ల దగ్గర నేనూ ఉన్నాను. కొందరు చేసినదానికి తెలుగువాళ్లందర్నీ అంటే ఊరుకోకూడదని ఆవేశంగా మాట్లాడినవారి సంతకం ఈనాటి ఏడో అంశం కింద ఉంది. ఆనాటి న్యాయం ఏ సముద్రంలో మునిగింది?

అంతకు రెండేళ్ల ముందు, 2017 ఫిబ్రవరిలో, కాన్సస్‌లో మన కూచిభొట్ల శ్రీనివాస్‌ను కాల్చి చంపినవాడు ఆయన్ని భారతీయుడని కూడా అనుకోలేదు. ఇరాన్‌వాడు అనుకున్నాడు. ఒక దేశం మీద ద్వేషం పెట్టుకున్నవాడు తుపాకీ ఎత్తే ముందు పాస్‌పోర్టు అడగడు. మనం కొవ్వొత్తులు వెలిగించిన ఆ సాయంత్రం "మనల్ని ఇరానీయులనుకున్నాడు" అని ఒకరు అంటే, ఇరానీయుడైతే మాత్రం చంపొచ్చా అని మెల్లగా అన్న పెద్దావిడ ఇప్పుడు లేరు. ఆవిడ బతికి ఉంటే ఏడో అంశం మీ కాగితంలో ఉండేది కాదని నా నమ్మకం.

ఇక ఇల్లు దొరకడం సంగతి. నేను 2009లో చదువుకని వచ్చి ఈస్ట్‌హామ్‌లో ఒక గదిలో అయిదుగురిలో ఒకడిగా ఆరు నెలలున్నాను. తరవాత ఒంటి గది కోసం వెతుకుతుంటే ఒక ఇంగ్లిష్ పెద్దావిడ నా ముఖం చూసి మొదట అడిగిన ప్రశ్న, వంట ఏం చేసుకుంటావని. బ్రెడ్డు మాత్రమే తింటాను అన్నాను. అమ్మ కట్టిచ్చిన గోంగూర పచ్చడి సీసాను సాక్సుల్లో చుట్టి సూట్‌కేసు అడుగున పెట్టి, ఆవిడ బజారుకు వెళ్లినప్పుడు కిటికీ తెరిచి తిన్నాను. ఎనిమిది నెలలు. మీలో ఇలాంటి కథ లేనివారు ఎవరు? 2017లో కెంట్‌లో వందల ఇళ్లున్న ఒక యజమాని, కూర వాసన పోవడం లేదు, నల్లవాళ్లకూ మనలాంటివాళ్లకూ ఇళ్లు ఇవ్వొద్దు అని తన ఏజెంట్లకు ఆదేశమిస్తే, అది చట్టవిరుద్ధమని కోర్టు తేల్చింది. ఆ తీర్పు వచ్చిన రోజు మన సంఘం సభ్యులు ఒకరికొకరు పంపుకున్న అభినందనలు లెక్కలేనన్ని. ఆయన రాసినదానికీ మీరు రాసినదానికీ తేడా ఏమిటో చెప్పగలరా? ఆయన వాసన అన్నాడు, మీరు శ్రేయస్కరం అన్నారు.

అంతదూరం ఎందుకు? హైదరాబాదులో టులెట్ బోర్డు చూసి తలుపు కొడితే "మీరేవిట్లు?" అని అడిగే ఇంటి ఓనర్లు మనకు కొత్తా? జవాబు చెప్పలేక ఇంటిపేరు మింగేసినవాళ్లు, అబద్ధపు ఇంటిపేరు చెప్పినవాళ్లు మన సంఘంలోనే ఉన్నారు. తల దాచుకోవడానికి మనిషి చేత అబద్ధం ఆడించే వాళ్లను మనం అక్కడ చూసి, విమానమెక్కి ఇక్కడికొచ్చి, ఇల్లు కొనుక్కోగానే అలాగే తయారయ్యాం. ఏరు దాటి తెప్ప తగలేశాం.

అబద్ధం అంటే గుర్తొచ్చింది. మా స్నానాల గది టైల్స్ మార్చిన మేస్త్రిని మీ అందరికీ నేనే పరిచయం చేశాను. రసమట్టం పెట్టి చూసి, వెంట్రుకవాసి తేడా ఉన్నా పలక పీకి మళ్లీ వేసే మనిషి. మీలో నలుగురు ఆయన చేత వంటిళ్లు చేయించుకున్నారు. "ఇటాలియన్ మేస్త్రి" అంటారు మీరు. పని మొదలుపెట్టిన మూడో రోజు, ఇండియా నుంచి వచ్చి ఉన్న మా అమ్మ ఆయనకు పెసరట్టు పెట్టింది. ఇంకోటి వెయ్యనా అని గరిటె చూపించి అడిగితే తల అడ్డంగా ఊపాడు. అమ్మ పెనం దించేసింది. ఆయన ఖాళీ పళ్లెం వంక చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి నాతో నవ్వుతూ చెప్పాడు, మా ఊళ్లో అడ్డంగా ఊపితే అవునని అర్థం, వద్దంటే గడ్డం పైకెత్తుతాం అని. ఇటలీలోనా అని అడిగాను. చేతిలో గ్రౌటు బకెట్టు కింద పెట్టి, తలుపు వైపు ఒకసారి చూసి, "కుకస్" అన్నాడు. అల్బేనియా ఉత్తరాన, కొసావో సరిహద్దు దగ్గర ఊరు. కుర్రతనంలో కొన్నేళ్లు ఇటలీలో పనిచేశాడు కాబట్టి ఆ భాష వచ్చు. బ్రిటిష్ పాస్‌పోర్టు వచ్చి పదేళ్లయింది. అయినా 2022 నుంచి కొత్త ఇంటికి పనికి వెళ్తే ఇటాలియన్ అనే చెబుతున్నాడు. ఆ ఏడాదే బడిలో పిల్లలు వాళ్ల అమ్మాయిని మీ నాన్న ఏ పడవలో వచ్చాడని అడిగారు. ఆ పిల్ల పుట్టింది లూటన్‌లో. ఇప్పుడు ఆమె కూడా ఇటలీ అనే చెబుతుంది, పిజ్జా ఇష్టమని జత చేస్తుందట.

ఇది రాసేముందు ఆయన అనుమతి అడిగాను. పేరు వద్దు, పని గురించి రాయి అన్నాడు.

కుకస్ అంటే మీకు తెలియకపోవచ్చు. 1999లో కొసావో అల్బేనియన్లను సెర్బియా బలగాలు తరిమినప్పుడు నాలుగు లక్షలకు పైగా జనం ట్రాక్టర్ల మీద, కాలినడకన అల్బేనియాలోకి వచ్చారు. వాళ్లలో అత్యధికులు దిగింది ఆ చిన్న ఊళ్లో. అప్పటికి రెండేళ్ల క్రితమే ఆ దేశంలో గొలుసుకట్టు స్కీములు కూలి, ఇళ్లూ పశువులూ అమ్మి కట్టిన డబ్బు పోయి, అల్లర్లలో దాదాపు రెండు వేల మంది చచ్చారు. (చిట్టీలు మునిగిన బజారు ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పాలా?) తమకే గతిలేని సమయంలో వచ్చినవాళ్లను ఇళ్లలోకి తీసుకున్నందుకు ఆ ఊరిని ఊరిగానే నోబెల్ శాంతి బహుమతికి ప్రతిపాదించారు. అతిథిని కాపాడటాన్ని వాళ్లు ‘బెసా’ అంటారు, ఇచ్చిన మాట అని. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి యూదుల సంఖ్య మొదటికంటే పెరిగిన అరుదైన దేశం అది. పడవల మీద వచ్చిన కుర్రాళ్లలో చాలామందిది ఈ కుకస్ చుట్టుపక్కలే. వాళ్లకా మన ఇంటి గడప నిషేధం?

నిజం చెప్పాలంటే మీ కాగితం వెనక ఉన్నది జైలు లెక్కలు కూడా కాదేమో, సినిమాలేమోనని నాకు అనుమానం. 2008లో వచ్చిన ‘టేకెన్’ మనవాళ్లు చూడని ఇల్లు లేదు. అందులో ఆడపిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు అల్బేనియన్లు. అదొక్కటి చాలు, 24 లక్షల జనాభా ఉన్న దేశం మొత్తానికి ముఖం గీసేయడానికి. ఇదే కార్యవర్గంలో కడప నుంచి ఇద్దరు, అనంతపురం నుంచి ఒకరు ఉన్నారు. సీమ అంటే సుమోలు, బాంబులు, వేటకొడవళ్లు అని మన సినిమాలు ఇరవై ఏళ్లు చూపించాయని, పెళ్లిచూపుల్లో కూడా మీది ఫ్యాక్షన్ ఊరా అని అడిగారని మీరు ముగ్గురూ ఎన్నిసార్లు బాధపడలేదు? ఏడో అంశం ఓటుకు వచ్చినప్పుడు మీ చేతులు ఎటు లేచాయి?

నవంబరులో బాలల దినోత్సవానికి మన పిల్లలకు పెట్టిన వేషధారణ పోటీలో ఈసారి మొదటి బహుమతి నీలం అంచు తెల్ల చీర కట్టిన ఏడేళ్ల పాపకు వచ్చింది. అధ్యక్షులవారే ఇచ్చారు, ఫొటో ఉంది. మదర్ థెరిసా 1910లో స్కోప్యేలో అల్బేనియన్ కుటుంబంలో పుట్టారు. ఆమె తల్లీ అక్కా అల్బేనియా రాజధాని టిరానాలో ఉండేవారు. అక్కడి నియంత ఎన్వర్ హోజా ప్రభుత్వం ఆమెను రానివ్వలేదు, వాళ్లను పోనివ్వలేదు. తల్లి 1972లో కూతురిని మళ్లీ చూడకుండానే పోయింది. ఆ తల్లి మన వీధిలో గది అడిగితే, ఏడో అంశం ప్రకారం జవాబేమిటి?

మీ బాధ్యత గురించి కూడా ఒక మాట. మన సంఘం చారిటీగా నమోదైంది. హాలు అద్దెలో రాయితీ, కౌన్సిల్ గ్రాంటు ఆ నమోదు మీదే వస్తున్నాయి. 2010 సమానత్వ చట్టం ప్రకారం జాతీయతను బట్టి ఇల్లు నిరాకరించడం నేరుగా వివక్ష. సొంత ఇంట్లో ఒక గది అయినా సరే, జాతి విషయంలో మినహాయింపు లేదు. అలా చెయ్యమని మరొకరిని పురికొల్పడాన్ని కూడా ఆ చట్టం ఒప్పుకోదు. రేపు మీ మాట విని గది నిరాకరించిన సభ్యుడి మీద కేసు పడితే, ఆ కాగితం చూపించి ‘మా సంఘం పెద్దలు చెప్పారండీ’ అంటాడు. అప్పుడు మీరు అతని పక్కన నిలబడతారా? ఒకప్పుడు ఈ దేశంలో కిటికీల్లో నల్లవాళ్లకూ ఐరిష్ వాళ్లకూ గదులు లేవని బోర్డులుండేవి. ఇళ్ల విషయంలో అది కుదరదని 1968లో చట్టం వచ్చింది. వాటిని దించడానికి కొట్లాడిన కరీబియన్, పంజాబీ పెద్దల పుణ్యాన మనం వచ్చేసరికి కిటికీలు ఖాళీగా ఉన్నాయి. ఆ ఖాళీలో మీరు కొత్త బోర్డు పెట్టారు, అదీ తెలుగులో.

ఏడో అంశాన్ని వెనక్కి తీసుకున్నామని సభ్యులందరికీ అదే కాగితం మీద, అదే సంతకాలతో పంపండి. పొరపాటున పడిందని మాత్రం రాయకండి, చర్చించి రాశారని నాకు తెలుసు. సర్వసభ్య సమావేశంలో ఈ విషయం నేను లేవనెత్తుతాను. సమయం లేదంటే పార్కింగు అంశానికి ఇచ్చిన సమయం నాకివ్వండి.

ఇంకొకటి. కిందటి ఉగాదికి వేదిక కట్టిన వడ్రంగి పని కూడా ఆ మేస్త్రిదే. సాంస్కృతిక కార్యక్రమాల చివర వందన సమర్పణలో కార్యదర్శిగారు "మన ఇటాలియన్ మిత్రుడికి" అని చప్పట్లు కొట్టించారు, ఆయన వెనక వరసలో నిలబడి గడ్డం కాస్త పైకెత్తాడు. సిగ్గుపడుతున్నాడని నవ్వుకున్నాం. ఈసారి కూడా ఆయన్నే పిలవమని కార్యదర్శిగారు మొన్న నాకు కబురు చేశారు. అడిగాను. శుక్రవారం సాయంత్రం చెక్కలు దింపుతానన్నాడు. హాలు తాళం ఎవరి దగ్గరుందో చెప్పండి.

ఇట్లు,
మీ మాజీ కోశాధికారి